సాయంత్రం మాత్ర

“ఇగ నేను ముట్టను. ఎవరి మీద నమ్మకం ఉంటే వాళ్ళతోనే ఇప్పించుకోండి.”

సుధామణి మందుల డబ్బా తెచ్చి హాలు మధ్యలో గచ్చు మీద పెట్టి, చేతులు దులుపుకుంది. ఆ డబ్బా వంక చూసినవాళ్ళే గాని తీసినవాళ్ళు లేరు. నరేష్ కిటికీ వైపు తిరిగాడు. అతని భార్య మౌనిక వంటింటి గుమ్మంలో నిలబడి గరిటెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఈ గొడవంతా ఎవరి గురించో ఆ నరేష్ తల్లి మంగాదేవి మాత్రం దివాన్ మీద కూర్చుని, కుడివైపు పైట సర్దుకుంటూ, గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

పొద్దున్నే వరంగల్ నుంచి వచ్చిన ఫోన్ ఇంత పని చేసింది.

కిందటేడు దసరా వెళ్ళాక వరంగల్ పెద్దాసుపత్రిలో మంగాదేవికి కుడి రొమ్ము తీసేశారు. ఆ తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టారు. అదీ అయ్యాక, రోజూ సాయంత్రం ఒక చిన్న మాత్ర చొప్పున ఐదేళ్ళు వాడాలని చెప్పి పంపారు. అంతా గట్టెక్కిందనుకుంటున్న సమయంలో కిందటి నెల స్కానింగ్‌లో కోత పడిన చోటికి పక్కన చిన్న నీడ కనిపించింది. డాక్టరమ్మ రక్తం తీసి పంపింది. ఆ రిపోర్టే ఈ పొద్దున వచ్చింది. ఉండకూడని హార్మోను రక్తంలో నిండా ఉంది. తగ్గాల్సిన బరువు కూడా పెరిగింది, అయితే ఆ ఒక్కదాని వల్ల హార్మోను ఇంతగా పెరగదంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ నరేష్‌తో చెప్పినది సూటిగానే చెప్పింది. మాత్ర లోపలికి పోతున్నా పని చేయడం లేదా, అసలు లోపలికే పోవడం లేదా, సోమవారం ఆవిడను తీసుకొచ్చేలోగా ఈ సంగతి తేల్చమంది. పని చేయకపోతే మందు మార్చి ఘాటైన సూదులకు పోవాలి. షుగరూ గుండె నీరసమూ ఉన్న మనిషి ఆ సూదులకు తట్టుకుంటుందన్న నమ్మకం తనకు లేదు. మాత్ర లోపలికి పోకపోతే మాత్రం అదే మాత్ర సరిగ్గా వేసి చూడవచ్చు. “అబద్ధం మీద నేను వైద్యం చేయలేను బాబూ,” అని ఫోన్ పెట్టేసింది. సాయంత్రం ఓపీ అయ్యాక మళ్ళీ చేస్తానంది.

అంతే. కోంట బజారులో చింతపండు, ఇప్పపువ్వు కొని అమ్మే మంగాదేవి భర్త పుల్లయ్య సేఠ్ ఇల్లు పొద్దెక్కకుండానే ఠాణా అయిపోయింది.

ఈ ఇంట్లో మంగాదేవిని ఇద్దరు ఆడవాళ్ళు పంచుకున్నారు. తిండి కోడలు మౌనిక వంతు. సాయంత్రం మాత్ర ఆడబిడ్డ సుధామణి వంతు. సుధామణి పుల్లయ్యకు చెల్లెలు. భోపాలపట్నంలో భర్త పోయాక ఒక ట్రంకుపెట్టెతో అన్న ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఎవరి వంతు వాళ్ళు చేస్తున్నంత కాలం బాగానే ఉంది. ఇప్పుడు ఒకరి వంతులో తప్పు జరిగిందని తేలింది కనుక, ఆ తప్పు తనది కాదని చెప్పాలంటే ఎదుటివాళ్ళదని చెప్పడం తప్ప దారి లేదు.

“గుప్పెడు అన్నం, నీళ్ళలాంటి పప్పు. పెద్ద మనిషిని ఉపాసాలు ఉంచుతుంది,” అంది సుధామణి, ఎవరి ముఖమూ చూడకుండా. “అయినా బరువు పెరుగుతుందంటే ఆ పప్పుల ఏం పడుతుందో ఎవరికి ఎర్క?”

“నా మీద శక్ చేస్తున్నరా చిన్నత్తమ్మా?”

“శక్ కాదు. అడుగుతున్న.”

“అయితే నేను గూడ అడుగుతున్న. నేను తూచి పెడుతుంటే ఒళ్ళు పెరుగుతుందంటే నాకు తెల్వకుండ ఇంకో చెయ్యి పెడుతుంది. పగలంత ఇంట్ల ఉండేది మీరూ నేనే. మాత్ర సంగతంటరా, అది మీ చేతుల మీదనే పోతుంది.”

నరేష్‌ను మేనత్త ఎత్తుకు పెంచింది. భార్య ఏడాదిగా తల్లి కోసం వేరే వంట వండుతోంది. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ళు ఈ జన్మకు క్షమించరు. కనుక అతను కిటికీలోంచి శబరి ఏటి వైపు పోతున్న ట్రాక్టర్‌ను చాలా శ్రద్ధగా చూశాడు.

పుల్లయ్యకు అసలు డాక్టరమ్మ మీదే అనుమానం. ఇంటిది ముట్లుడిగి ఏళ్ళు గడిచిపోయాయని, ఆడవాళ్ళకు అప్పటితో ఆగిపోయే హార్మోను ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తుందని, పెద్దాసుపత్రి వాళ్ళు మందులు అమ్ముకోవడానికి చెప్పే కథలివని అన్నాడు. మొదటిసారి వరంగల్ పోయినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేశాడు. అప్పుడు డాక్టరమ్మ అతని వ్యాపారం ఏమిటో కనుక్కుని మరీ జవాబు చెప్పింది. ఆ జవాబు మౌనికకు ఇప్పటికీ నోటికి వచ్చు.

ఇప్పపువ్వు తింటే మత్తెక్కదు. అదే పువ్వు బట్టీలో పడితే సారా అవుతుంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు ఆడదాని ఒంట్లోకి జీవితాంతం పువ్వు లాంటి సరుకు పంపుతూనే ఉంటాయి. దానితో అపాయం లేదు. వయసులో ఉన్నప్పుడు అండాశయం పెద్ద బట్టీ. అది మూతపడ్డాక ఒంట్లోని కొవ్వు చిన్న చిన్న బట్టీలు పెడుతుంది. కొవ్వు ఎంత ఉంటే అన్ని బట్టీలు. మంగాదేవికి వచ్చిన గడ్డ ఆ సారా తాగి పెరిగే రకం. సాయంత్రం మాత్ర పని ఆ బట్టీల కింద నిప్పు ఆర్పడం. ఒక పక్క మాత్ర నిప్పు ఆర్పుతుంటే ఇంకో పక్క ఒళ్ళు పెంచి కొత్త బట్టీలు పెట్టుకుంటూ పోతే మాత్రకు పని ఎక్కువవుతుంది. పైగా ఒళ్ళు పెరిగితే ఇన్సులిన్ కూడా పెరుగుతుంది, అది గడ్డకు ఎరువు వేసినట్టే. అందుకే బరువు తగ్గించమంది, నడవమంది, తీపీ నూనే తగ్గించమంది.

ఇదంతా విని ఇంటికొచ్చాక వీళ్ళకు అర్థమైంది ఒకటే. ఇది లావుగా ఉన్నవాళ్ళ జబ్బు. పుల్లలా ఉండే సుధామణి ఆ రోజు తన నడుము పట్టి చూపించి, తన ఒంట్లో బట్టీ పెట్టడానికి జాగా లేదని నవ్వింది కూడా.

ఇవాళ ఆమె నవ్వడం లేదు. డబ్బా అక్కడే వదిలేసి తన గదిలోకి పోయింది.

“పొద్దెక్కింది. సంత రోజు. దుకాణ్ తీయాలె,” అని పుల్లయ్య లేచాడు. రోజూలాగే భార్యను వెంట రమ్మన్నాడు. ఇంట్లో కూర్చుంటే మనసు పాడవుతుందని, గల్లా దగ్గర నలుగురి మధ్య కూర్చుంటే మంచిదని ఆరు నెలలుగా ఆమెను తీసుకుపోతున్నాడు. మంగాదేవి ఏమీ అనకుండా లేచి చెప్పులు తొడుక్కుంది. ఈ పొద్దున ఆమె నోటి నుంచి ఒక్క మాట కూడా రాలేదన్న సంగతి అప్పుడు మౌనికకు తట్టింది. మనిషి ప్రాణం గురించి ఇంతమంది కొట్లాడుకుంటుంటే ఆ మనిషికి అడగాల్సింది ఏమీ లేదా?

ఇంట్లో ఇద్దరే మిగిలారు. వంటింట్లో కుక్కర్ కూసింది, ఆగింది. గదిలోంచి సుధామణి బయటికి రాలేదు. మౌనిక అల్మారాలు వెతికింది. మినప సున్ని డబ్బా మూత తీసి చూసింది. సుధామణి మంచం కింది ట్రంకుపెట్టె గుర్తొచ్చి, తన ఆలోచనకు తానే సిగ్గుపడింది. సిగ్గుపడినా అనుమానం పోలేదు. తను ఈ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచి సుధామణి వంటింటి పెత్తనం పోయింది. ఆ కసి వదినె కడుపులో బెల్లంగా పడుతోందేమో అనిపించింది.

అత్తగారు భోజనానికి వచ్చే వేళకు ముందే, ఎందుకో నిలవలేక, మౌనిక క్యారియర్ సర్దుకుని తనే బజారుకు బయల్దేరింది.

సంత నిండుగా ఉంది. భేజ్జి వైపు నుంచి వచ్చినవాళ్ళు తట్టలు దించుకుని కూర్చున్నారు. దుకాణం ముందు హిందీ, దోర్లీ, తెలుగు కలిసి గలగలమంటున్నాయి. గల్లా దగ్గర నరేష్ ఒక్కడే ఉన్నాడు. వెనక గోదాం గుమ్మంలో కూర్చుని కోయామె ముయె చింతపండు గింజ తీస్తోంది. చాలా ఏళ్ళుగా ఆ గోదాంలో పని చేస్తున్న మనిషి. అత్తమ్మ ఏదని అడిగితే ముయె తల కూడా ఎత్తలేదు.

“లోపల్నే. సేఠ్ తినిపిస్తాండు.”

రోజూ జరిగేదాన్ని చెప్పినట్టు చెప్పింది.

బస్తాల వెనక నులకమంచం మీద మంగాదేవి కూర్చుని ఉంది. ఎదురుగా ముక్కాలి పీట మీద పుల్లయ్య. అతని చేతిలో గిన్నె. గిన్నెలో నెయ్యి కారుతున్న సున్నుండలు. ఒకటి ఆమె నోట్లో సగం ఉంది.

కోడలిని చూసి పుల్లయ్య గిన్నెను బస్తా వెనక్కి నెట్టబోయాడు. అది ఒరిగి ఒక ఉండ దొర్లి మౌనిక కాళ్ళ దగ్గర ఆగింది.

“మీరా మామయ్యా?” అంది మౌనిక. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. పొద్దున్నుంచి ఆమె అనుమానించినవాళ్ళలో ఈయన లేడు.

పుల్లయ్య వంగి ఆ ఉండను ఏరి గిన్నెలో పెట్టాడు. తర్వాత మొదలుపెట్టి ఆపకుండా చెప్పాడు. ఆపరేషన్ జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చుని మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకున్నాడు. ఇంటిది బతికి బయటపడితే ఆమె ఎత్తు బంగారం ఇస్తానన్నాడు. మేడారంలో బంగారమంటే బెల్లమే. మనిషిని ఒక పక్క, బెల్లాన్ని ఒక పక్క పెట్టి తూచి తల్లి గద్దె దగ్గర సమర్పిస్తారు. జాతర మాఘంలో ఉంది. మొక్కిన నాటి బరువు అతనికి గుర్తే. జాతర నాటికి కోడలు ఆమెను చిక్కించేస్తే ఆ బరువుకు బెల్లం తూగదు.

“పాత బరువుకే బెల్లం కొనండి. ఎవరొద్దన్నరు?”

“ఎట్ల కుదురుతది బిడ్డా? కాంటా రెండు పక్కల సమానంగ నిలవాలె. మనిషి తగ్గితే బెల్లం తగ్గుతది. మొక్కింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితది.”

“అయితే ఏమైతది?”

పుల్లయ్య గుమ్మం వైపు చూశాడు. ముయె వేళ్ళు చింతపండులో కదులుతూనే ఉన్నాయి. అతను గొంతు తగ్గించాడు.

“ఆమె కోయోళ్ళ తల్లి. నేను ఇన్నేళ్ళు తూచింది కోయోళ్ళ సరుకు. ఎట్ల తూచిన్నో నాకు తెలుసు, ఆ బయట కూసున్నదానికీ తెలుసు. తల్లికి తెల్వదా? ఆమె ముంగట గూడ తక్కువ తూచుమంటవా?”

మౌనికకు ఈయన మీద అరవాలని వచ్చింది, అరవలేకపోయింది. జీవితమంతా తక్కువ తూచిన మనిషి ఒక్కసారైనా సరిగ్గా తూచాలనుకున్నాడు, దానికి పెళ్ళాం ఒళ్ళే దొరికింది. జాలి వేసింది, ఒళ్ళు మండింది.

“ఆ తల్లికి బెల్లం కావాలో, ఈ మనిషి బతకాలో మీరే ఆలోచించండి,” అంది చివరికి. “మీరు పెట్టే నెయ్యంత ఆ నీడకే పోతుంది మామయ్యా.”

“ఆయన్ని అనకు,” అంది మంగాదేవి. అదే ఆ రోజు ఆమె మొదటి మాట. “పెండ్లయిన కాడి నుంచి నా ముంగట కంచం పెట్టిన మనిషి కాదు. ఇప్పుడు దగ్గర కూసుండి పెడుతున్నడు. వద్దనడానికి నాకు నోరు రాలే.”

ఆ మాటకు పుల్లయ్య తల దించుకున్నాడు. కాసేపటికి తనను తాను సమర్థించుకోబోయాడు. తన తిండి వల్ల మేలు కూడా జరిగిందన్నాడు. మాత్రలు మొదలుపెట్టిన కొత్తల్లో ఆమెకు వేళ్ళు ముడుచుకునేవి కావు, పొద్దున లేస్తే మోకాళ్ళు పట్టేసేవి, ఇప్పుడు చూడు ఎలా నడుస్తోందో, ఇదంతా నెయ్యి బలమేనన్నాడు. మౌనిక అత్తగారి చేతుల వైపు చూసింది. మంగాదేవి ఆ చేతులను కొంగులో పెట్టుకుంది.

మాత్రలు కూడా మీరే ఆపించారా అని మౌనిక అడిగింది. పుల్లయ్య నరేష్ మీద ఒట్టు పెట్టాడు. ఆ డబ్బా మూత కూడా ఎన్నడూ తీయలేదన్నాడు. అతను అబద్ధమాడుతున్నట్టు ఆమెకు అనిపించలేదు. అంటే ఇంకా తేలాల్సింది తేలలేదు. బరువు పెరగడానికి కారణం దొరికింది గాని, బరువు ఒక్కదాని వల్ల రక్తంలో హార్మోను ఇంతగా పెరగదని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది.

ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు మౌనికకు సుధామణి ముందుకు పోవాలంటే కాళ్ళు రాలేదు. అన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఆమెకు అలవాటు లేదు. అయినా పొద్దు వాలే వేళకు పోయింది. తిండి సంగతి తేలిందని, తను తప్పుగా అనుకున్నానని, మాఫ్ చేయమని చెప్పింది. సుధామణి అన్న చేసిన పని విని నవ్వుతుందనో తిడుతుందనో అనుకుంది. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. ముఖం పాలిపోయింది.

“అయితే ఇగ మాత్రల మీదనే పడుతరు,” అంది మెల్లగా.

“ఇస్తున్నరు కదా, భయమెందుకు?”

“ఇస్తున్న. ఖాళీ పట్టీలు గూడ పారేయలే, చూసుకో.”

అడగని సాక్ష్యం చూపించేవాళ్ళను చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. మౌనిక హాల్లోకి వచ్చింది. పొద్దున పెట్టిన డబ్బా పెట్టిన చోటే ఉంది. చిన్న మాత్రల పట్టీలు చూసింది. అవి తప్పు పట్టడానికి లేకుండా ఉన్నాయి. పట్టీల కింద కాల్షియం సీసా ఉంది. ఎముకల కోసం ఇచ్చిన ఆ పెద్ద తెల్ల మాత్రను పొద్దున జావతో తనే ఇస్తుంది, రోజుకు ఒకటి. ఆ సీసా మాఘం దాకా రావాలి. ఎత్తి చూస్తే అడుగున నాలుగే మాత్రలు గింజల్లా గలగలలాడాయి.

ఆమె సీసా పట్టుకుని సుధామణి గదిలోకి నడిచింది.

“చిన్నత్తమ్మా, సాయంత్రం ఇస్తున్నది ఈ తెల్ల మాత్రేనా?”

సుధామణి కాదంది. ఎలుకలు తీసుకుపోయి ఉంటాయంది. పనిమనిషిని అడగమంది. చివరికి, “నువ్వే ఖాళీ చేసి నా మీద రుద్దుతున్నవేమో,” అంది. మౌనిక కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే ఈవిడకు పారిపోవడానికి దారి దొరుకుతుంది.

“సోమవారం డాక్టరమ్మ మందు మారుస్తుంది. అత్తమ్మ గుండె ఆ సూదులు తట్టుకోకపోవచ్చు. మాత్ర పోతున్నదా లేదా అనేది ఒక్కటే ఆమెకు తెల్వాలె. మీరు కాదంటే నేను నమ్ముత. నా ముఖం చూసి కాదనండి.”

సుధామణి ముఖం ఎత్తింది. కాదనడానికి నోరు తెరిచింది. లేచి పోయి తలుపు దగ్గరికి వేసింది. మౌనిక చెయ్యి పట్టుకుని తన ఎడమ చంక కింద, రొమ్ము పక్కన పెట్టి నొక్కింది.

వేళ్ళ కింద గట్టిగా తగిలింది. చింతగింజ కంటే పెద్దది. పక్కకు జరిపితే జరగలేదు.

మౌనిక చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

“రాఖీ నాడు నీళ్ళు పోసుకుంటుంటే తగిలింది,” అంది సుధామణి. ఇప్పుడు ఆమె గొంతులో పొద్దుటి కారం లేదు. “నాకెందుకొస్తదనుకున్న. డాక్టరమ్మ కొవ్వుల తయారైతదన్నది కదా, నా ఒంట్ల కొవ్వేది? కానీ అది పోలే. వదినెకు కోసి తీసేసిండ్రు, ఆమెకు బాగైపోయింది, ఇగ ఆ గోలీలు ఉత్తగనే మింగుతుందనుకున్న. నాకు పనికొస్తయని…”

“మామయ్యకు చెప్పొచ్చు కదా?”

“ఏమని? ఒక్క ఇంట్ల ఇద్దరిని వరంగల్ తిప్పమనా? మొగుడు పోయినదానికి ఇంత అన్నం పెడుతున్నరు, అది చాలదా అంటరు. భోపాలపట్నంల మా అత్తగారోళ్ళు గడప ఎక్కనియ్యరు. నేనేడికి పోవాలె?”

మౌనికకు ఏడుపు వచ్చింది. పొద్దున ఈ మనిషి మీద ఎన్ని అనుకుంది. ఇప్పుడు తెలిసింది అంతకంటే ఘోరం, అయినా తిట్టలేకపోతోంది. తగ్గిందా అని అడిగింది.

“మొదట్ల మెత్తపడినట్టే అనిపించింది. ఇప్పుడు పెరిగింది.”

ఇది ఆ జబ్బో కాదో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరని, అదే జబ్బయినా అన్ని గడ్డలూ ఒకటే సారా తాగవని, ఈ మాత్ర అన్నిటికీ పనికిరాదని మౌనిక చెప్పింది. సన్నగా ఉన్నవాళ్ళకు రాదని డాక్టరమ్మ ఎన్నడూ అనలేదు. కొవ్వు ఎక్కువుంటే గడ్డకు తిండి ఎక్కువ దొరుకుతుందని మాత్రమే అంది. మిగిలినదంతా మనం కలుపుకున్నామంది.

“సోమవారం దాటనియ్యి మౌనికా. వాళ్ళు తిరిగొచ్చినంక నా నోటితోనే చెప్త.”

“సోమవారమే కదా చిన్నత్తమ్మా చెప్పాల్సింది.”

“నువ్వు చెప్తే నేను ఈ ఇంట్ల ఉండను.”

ఎక్కడ ఉంటుందో ఆమె చెప్పలేదు. మౌనిక అడగడానికి భయపడింది. అదే సమయానికి హాల్లోంచి నరేష్ పిలిచాడు. డాక్టరమ్మ లైన్లో ఉంది, మాత్రల సంగతి తేలిందా అని అడుగుతోంది.

మౌనిక బయటికి వచ్చింది. ఆమె వెనక తలుపు మూసుకుంది, గడియ పడిన చప్పుడు వినిపించింది.

దుకాణం కట్టేసి అంతా వచ్చి ఉన్నారు. పుల్లయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. మంగాదేవి దివాన్ మీద ఉంది. నరేష్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి టీపాయ్ మీద ఉంచాడు. సున్నుండల సంగతి పుల్లయ్య తనంతట తనే చెప్పేసుకున్నట్టున్నాడు, డాక్టరమ్మ అతన్ని గట్టిగానే మందలించి అప్పుడే మాత్రల దగ్గరికి వచ్చింది.

“చెప్పమ్మా మౌనికా. మాత్ర వేసుకుంటున్నారా లేదా? నాకు ఒక్క మాట చాలు.”

నిజానికి ఒక్క మాటే. లేదు అంటే అత్తగారు సూదుల నుంచి తప్పించుకోవచ్చు. ఆ మాట వెంటనే, మరి ఆ మాత్రలు ఏమయ్యాయని ఈ ముగ్గురూ అడుగుతారు. తలుపు వెనక ఉన్న మనిషి దానికి ఏం చేస్తుందో తెలియదు. మౌనిక ఫోన్ దగ్గరికి వంగింది.

“మేడమ్, ఒకటి అడుగుత. జబ్బు ఉందో లేదో తెల్వనోళ్ళు ఆ మాత్ర వేసుకుంటే ఏమైతది?”

“ఎవరమ్మా వేసుకుంటున్నది?”

నరేష్ భార్య ముఖంలోకి చూశాడు. పుల్లయ్య లేచి నిలబడి, ఏంది, ఏంది అన్నాడు. మౌనిక ఎవరి పేరూ చెప్పలేదు. గడియ పడిన తలుపు వైపు చూసింది.

మంగాదేవి దివాన్ మీద నుంచి లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గోడ ఆనుకోకుండా, సుధామణి గది తలుపు దాకా నడిచింది.

“నాకు మొదటి రోజే ఎర్కైంది,” అంది, తలుపుతో చెప్పినట్టు. “ఆ చిన్న గోలీ నాలిక మీద ఉన్నట్టే తెలిసేది కాదు. ఇప్పుడిచ్చేది సున్నం ముక్క మింగినట్టు ఉంటది. అది మారిన సంది కీళ్ళ నొప్పులు తగ్గుకుంట వచ్చినయి. హాయిగ నిద్ర పడుతుంది. ఎందుకు అడగాలె, అడిగితే మళ్ళ నొప్పులే కదా అని నోరు మూసుకున్న.”

ఫోన్‌లో డాక్టరమ్మ హలో హలో అంటోంది.

“నన్ను చంపుతున్నవేమో అని గూడ ఒకనాడు అనుకున్న సుధా. అట్ల అనుకుని గూడ మింగిన. నా గోలీ ఎవరి ఒంట్లకు పోతుందో, ఎందుకు పోతుందో మాత్రం ఒక్కనాడు అడగలే.”

ఆమె అరచెయ్యి తలుపు మీద ఆనించింది.

“సోమవారం కారుల నువ్వు నా పక్కన కూసుంటున్నవ్. తలుపు తియ్.”

లోపలి గడియ కదల్లేదు.